పోర్చుగల్, స్పెయిన్ తీరాల్లో కరెంటు కనెక్షన్ లేకుండా రెండు నెలలు: బండిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

తీరంబాటసారి · నవంబర్ 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇద్దరం ఇంగ్లండ్‌లో ఉంటాం, ఆఫీసుల్లో రెండు నెలల సెలవు దొరికింది. జనవరి మధ్యలో పోర్ట్స్‌మౌత్‌లో ఓడెక్కి శాంటాండర్‌లో దిగి, స్పెయిన్ గుండా పోర్చుగల్ దక్షిణ తీరానికి వెళ్లి, మార్చి మధ్యలో తిరిగి రావాలని ఆలోచన. వీలైనన్ని రాత్రులు కరెంటు కనెక్షన్ లేని చోట, సముద్రానికి దగ్గరగా గడపాలని ఉంది.

బండి 2014 ఫియట్ డుకాటో మీద కట్టిన మోటార్‌హోమ్, గరిష్ఠ బరువు 3,500 కిలోలు. 100 ఆంప్-అవర్ లెడ్ బ్యాటరీ ఒకటి, పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, 17 లీటర్ల టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే, బయటికి తీసి ఖాళీ చేసే డబ్బా), గ్యాస్ మీద కూడా నడిచే ఫ్రిజ్. ఇద్దరికీ రోజూ మూడు గంటలు ల్యాప్‌టాప్ పని ఉంటుంది. లిథియం బ్యాటరీలకు, ప్యానెళ్లకు డబ్బు పక్కన పెట్టాను. ఎన్ని కొనాలి?

నీలికెరటం · నవంబర్ 8, రాత్రి 10:40

కొనే ముందు ఒక పని చేయండి. వచ్చే శని, ఆదివారాలు బండిని ఎక్కడైనా నిలిపి కరెంటు తీగ తగిలించకుండా రెండు రాత్రులు అందులోనే ఉండండి. వంట, స్నానం, ల్యాప్‌టాప్, అన్నీ అక్కడ ఉన్నట్టే. మొదట ఏది అయిపోతుందో రాసుకోండి. ఆరు చలికాలాలుగా మేమిద్దరం ఆ తీరాలకు వెళ్తున్నాం. ఒక చోటు వదిలి కదలాల్సి వచ్చిన ప్రతిసారీ కారణం టాయిలెట్ క్యాసెట్ నిండటమో, నీళ్లు అయిపోవటమో. బ్యాటరీ అయిపోయి కదిలింది మొదటి ఏడాది మాత్రమే.

తీగలమాస్టారు · నవంబర్ 9, ఉదయం 7:25

నీలికెరటం గారు చెప్పింది నిజం. అయినా కరెంటు లెక్క కూడా ఒకసారి గట్టిగా చూసుకోవాలి, ఎందుకంటే మీ దగ్గర ఇప్పుడున్నది ఒక్క రాత్రికి కూడా బొటాబొటీ.

ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. రోజుకు లైట్లకు 5 ఆంప్-అవర్ (బ్యాటరీ నిల్వను కొలిచే లెక్క), నీళ్ల పంపుకు 2, ఫోన్లకు 6, హీటర్ ఫ్యానుకు చలి రాత్రి 15 దాకా, రెండు ల్యాప్‌టాప్‌లకు దాదాపు 30. మొత్తం 58. లెడ్ బ్యాటరీని సగం కన్నా కిందికి దించితే ఆయుష్షు తరిగిపోతుంది, అంటే మీకు చేతికొచ్చేది 50. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 80 నుంచి 90 శాతం వరకు వాడుకోవచ్చు. 200 ఆంప్-అవర్ పెడితే ఎండ అసలు లేకున్నా దాదాపు మూడు రోజులు.

ఎండ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పోర్చుగల్ దక్షిణ తీరం 37 డిగ్రీల అక్షాంశం. డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 30 డిగ్రీల ఎత్తు అందుకోడు, జనవరిలో కాస్త పైకి వస్తాడు. పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కు ఆ కిరణాలు ఏటవాలుగా తగులుతాయి. నా 200 వాట్ల ప్యానెల్ ఆ రోజుల్లో 25 నుంచి 30 ఆంప్-అవర్ మించి ఇవ్వలేదు, అదే జూన్‌లో 80 దాటింది. పైకప్పు మీద ఏ నీడా పడని చోటు చూసుకోవాలి. టీవీ యాంటెన్నా నీడ సన్నగా పడినా దిగుబడి పడిపోతుంది. నేలమీద పెట్టి ఎండవైపు వంచుకునే మడత ప్యానెల్ ఒకటి ఉంటే చలికాలంలో చాలా తేడా తెలుస్తుంది.

ఇక ఇంజిన్ నుంచి ఛార్జింగ్. లిథియం బ్యాటరీని పాత పద్ధతిలో నేరుగా ఆల్టర్నేటర్‌కు (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కలపకండి. అది ఎంత దొరికితే అంత లాగుతుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో ఆ లాగుడును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి. మీది 2014 బండి కాబట్టి స్మార్ట్ ఆల్టర్నేటర్ చిక్కు మీకు లేదు. యూరో 6 అనే కొత్త కాలుష్య ప్రమాణం బండ్లున్న వాళ్లకు అది కూడా ఉంటుంది, ఇంజిన్ తిరుగుతున్నా వోల్టేజి దానంతట అదే తగ్గిపోతుంది.

తీగ మందం దగ్గర పొదుపు చేయొద్దు. 30 ఆంప్స్ ఛార్జర్, రానూపోనూ 10 మీటర్ల తీగ అనుకుందాం. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 16 వేస్తే 0.33. సముద్రం పక్కకు వెళ్తున్నారు కాబట్టి తగరం పూత ఉన్న రాగి తీగ తీసుకోండి, పడవల్లో వాడేది అదే. ఫ్యూజును బ్యాటరీకి ఆనుకునే పెట్టాలి. ఛార్జర్ దగ్గర పెడితే మధ్యనున్న తీగకు రక్షణే లేనట్టు.

ఎర్రమట్టిదారి · నవంబర్ 9, ఉదయం 11:02

మాస్టారూ, ఇంత పెట్టేటప్పుడు గ్యాస్ పూర్తిగా తీసేసి ఇండక్షన్ పొయ్యి పెట్టుకుంటే మంచిది కాదా? విదేశంలో సిలిండర్ వెతుక్కునే బాధ తప్పుతుంది.

తీగలమాస్టారు · నవంబర్ 9, మధ్యాహ్నం 1:18

వేసవిలో వెళ్లే వాళ్లకు, 500 వాట్ల ప్యానెల్ ఉన్నవాళ్లకు కుదురుతుంది. చలికాలంలో కుదరదని నా అభిప్రాయం. ఒక లీటరు నీళ్లు మరిగించడానికి దాదాపు 10 ఆంప్-అవర్ ఖర్చు. 2,000 వాట్ల పొయ్యి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 170 ఆంప్స్‌కు పైగా లాగుతుంది, దానికి తగ్గ తీగలూ ఫ్యూజులూ వేరే కథ. అదే 2.75 కిలోల చిన్న క్యాంపింగాజ్ సిలిండర్‌లో దాదాపు 35 కిలోవాట్-అవర్ శక్తి ఉంటుంది. 200 ఆంప్-అవర్ లిథియం బ్యాటరీలో ఉన్నది రెండున్నర. హీటర్, వేడినీళ్లు, ఫ్రిజ్, పొయ్యి గ్యాస్‌కే వదిలేయండి.

నీలికెరటం · నవంబర్ 9, సాయంత్రం 6:45

గ్యాస్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. బ్రిటన్‌లో అద్దెకు తెచ్చుకున్న సిలిండర్‌ను స్పెయిన్‌లో ఇచ్చి నిండుది తెచ్చుకోలేం. ఒక్కో దేశానిది ఒక్కో రకం సిలిండర్, ఒక్కో రకం మూత. మేం పెట్రోలు బంకుల్లో ఎల్‌పీజీ నింపుకునే సొంత సిలిండర్లు పెట్టించుకున్నాం. నాజిల్ కూడా దేశాన్ని బట్టి మారుతుంది: బ్రిటన్‌లో ఉన్నది ఫ్రాన్స్, ఇటలీల్లో పట్టదు, అక్కడిది స్పెయిన్‌లో పట్టదు. అడాప్టర్లు సెట్‌గా దొరుకుతాయి, బయల్దేరే ముందే కొనండి. ఓడలో గ్యాస్ వాల్వు కట్టేయాలి.

ఇంకో మాట. నీలం క్యాంపింగాజ్‌లో ఉండేది బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం మానేస్తుంది. శాంటాండర్ నుంచి దక్షిణానికి వెళ్లే దారిలో బుర్గోస్ చుట్టూ ఎత్తైన మైదానం. జనవరి రాత్రులు అక్కడ గడ్డకట్టే చలి. ఆ రెండు రోజులకు ప్రొపేన్ ఉండాల్సిందే.

అదే దారిలో మొదటి ఏడాది మాకు జరిగింది చెప్తాను. తెల్లారి లేచి నల్లా తిప్పితే చుక్క లేదు. మా బాయిలర్‌కు చలి నుంచి కాపాడే వాల్వు ఉంది, ఉష్ణోగ్రత 3 డిగ్రీల దాకా పడితే నీళ్లన్నీ దానంతట అదే కిందికి వదిలేస్తుంది. వాల్వు తన పని తాను చేసింది, ఆ సంగతి మాకే తెలియదు. రాత్రంతా హీటర్ సన్నగా నడుపుతూ, బాయిలర్ ఉన్న అల్మారా తలుపు తీసి ఉంచండి. లిథియం బ్యాటరీని కూడా బండిలో మనం ఉండే భాగంలోనే పెట్టించండి, సున్నాకు కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు.

తీరంబాటసారి · నవంబర్ 9, రాత్రి 8:30

బ్యూటేన్ మాటా, వాల్వు మాటా నాకు తెలియదు. చాలా థ్యాంక్స్ అక్కా. బరువు గురించి కూడా భయంగా ఉంది.

కాటాదగ్గర · నవంబర్ 9, రాత్రి 9:55

భయపడాల్సిందే అన్నా. బ్రిటన్‌లో 1997 జనవరి 1 తర్వాత కారు లైసెన్సు తీసుకున్నవాళ్లం మామూలుగా 3,500 కిలోలు దాటిన బండి నడపడానికి లేదు. ఇక్కడ మనలో చాలామంది అంతే. నిండు ట్యాంకు అంటే 100 కిలోలు, రెండు సైకిళ్లు 35, ఇద్దరు మనుషులు, గ్యాస్, బట్టలు, మడత కుర్చీలు. అన్నీ సర్దాక కాటా మీదికెక్కించి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మించిపోయి ఉంటుంది, సామానంతా వెనక గ్యారేజీలో వేస్తాం కాబట్టి. లిథియం వల్ల ఇక్కడ లాభం ఉంది: 100 ఆంప్-అవర్ లెడ్ బ్యాటరీ 25 కిలోలకు పైనే, లిథియం అందులో సగం.

వెనక సైకిల్ స్టాండు ఉంటే స్పెయిన్‌లో ఎరుపు తెలుపు చారల అల్యూమినియం పలక తగిలించాలి, 50 సెంటీమీటర్ల చదరం. బండి మీద యూకే అక్షరాల స్టిక్కర్ ఉండాలి. పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ 28 నుంచి చెల్లదు.

పారతోరామయ్య · నవంబర్ 10, ఉదయం 6:50

ఇసుక గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను.

డుకాటోకు ముందు చక్రాలే నడుపుతాయి. బరువంతా వెనక. అందుకే తడిసిన గడ్డి మీద కూడా జారుతుంది, ఇసుక మీద చెప్పక్కర్లేదు. రెండేళ్ల కింద అట్లాంటిక్ తీరంలో మట్టిదారి చివర గట్టిగా కనిపించిన చోట తిప్పుకుందామని దించాను. పైన రెండు వేళ్ల మందం పెంకు, కింద పొడి ఇసుక. ముందు చక్రం తిరగగానే యాక్సిలరేటర్ తొక్కాను, అదే తప్పు. అర నిమిషంలో బంపర్ నేలకానింది. ట్రాక్టర్ దొరికేసరికి చీకటి పడింది. అంతసేపూ నా భార్య రోడ్డు దాకా నడిచి వచ్చే పోయే బండ్లకు చెయ్యెత్తుతూ నిలబడింది.

ఇప్పుడు నేను పాటించేవి ఇవి. దించే ముందు దిగి నడుస్తాను, మడమతో నేలను తన్ని చూస్తాను. చక్రం ఒక్కసారి గిర్రున తిరిగితే అక్కడే ఆపేస్తాను, వచ్చిన చాళ్లలోనే వెనక్కి రావడానికి చూస్తాను. పనికాకపోతే చక్రాల ముందు ఇసుక పారతో తీసి, చక్రానికి పట్టు దొరికే పలకలు పెట్టి, ముందు టైర్లలో గాలి 2 బార్ దాకా తగ్గించి మెల్లగా కదులుతాను. గాలి తగ్గించాక నడక వేగం దాటకూడదు, తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపాలి. మోటార్‌హోమ్ వెనక టైర్లలో 5.5 బార్ ఉంటుంది, కార్లకని అమ్మే చిన్న కంప్రెసర్లు అంతవరకు ఎక్కించలేవు. కొనేముందు ఆ అంకె చూడండి. లాగడానికి బిగించే కొక్కెం ఏ డబ్బాలో ఉందో, దాని మరలు ఎటు తిరుగుతాయో ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోండి.

పోటూ పాటూ లెక్క కూడా చూసుకోవాలి. మధ్యధరా సముద్రంలో నీరు పెద్దగా లేవదు, పడదు. పోర్చుగల్ వైపు అట్లాంటిక్‌లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య 4 మీటర్ల దాకా తేడా వస్తుంది. తడి ఇసుక గట్టిగా ఉందని దాని మీదికి బండి తీసుకెళ్లేవాళ్లను చూశాను. అది సముద్రం చోటు, ఆరు గంటల్లో అడుగుతుంది.

గడపదాటి · నవంబర్ 10, ఉదయం 9:20

ఇసుక మీదికి వెళ్లడమే నేరం రామయ్య గారూ. స్పెయిన్ 1988 తీర చట్టం ప్రకారం బీచ్ మీద అనుమతి లేకుండా వాహనం నిలపడం, క్యాంపింగ్ రెండూ నిషిద్ధం. రోడ్డు పక్క పార్కింగ్ సంగతి వేరు. అక్కడి ట్రాఫిక్ శాఖ 2008లోనే స్పష్టత ఇచ్చింది: మోటార్‌హోమ్ నిలిపితే అది పార్కింగే, లోపల మనుషులు పడుకున్నా సరే. చక్రాలు తప్ప ఏదీ నేలను తాకకూడదు, గొడుగు పరదా విప్పకూడదు, కుర్చీ బయట వేయకూడదు, నీళ్లు వదలకూడదు. కుర్చీ బయట వేశారంటే క్యాంపింగ్ కింద లెక్క. ఆ పైన ఊరి బోర్డులు ఏం చెప్తే అది.

పోర్చుగల్‌లో ఇంకా కఠినం. 2021 జనవరిలో బయట రాత్రి గడపడాన్ని దాదాపు మొత్తం నిషేధించారు, ఆగస్టులో సడలించారు. ఇప్పుడు ఒక మున్సిపాలిటీలో 48 గంటల దాకా ఉండొచ్చు. కానీ రక్షిత ప్రాంతాల్లో, నాచురా 2000 (ఈయూ ప్రకృతి రక్షణ జాబితా) ప్రాంతాల్లో, తీర ప్రణాళిక కిందకొచ్చే చోట్ల ఆ వెసులుబాటు లేదు. మీరు కోరుకునే సముద్రం ఒడ్డు చాలావరకు వీటిలోకే వస్తుంది. అలెంతెజు నైరుతి, కోస్టా విసెంటీనా అంతా ప్రకృతి ఉద్యానవనమే. రాత్రి అంటే చట్టంలో 9 గంటల నుంచి పొద్దున 7 దాకా. పగలంతా సముద్రం దగ్గర ఉండి చీకటి పడకముందే లోపలికి, మోటార్‌హోమ్‌ల కోసం కేటాయించిన చోటికి వెళ్లిపోండి.

ఇంకొక్కటి అడగాలి. ఇద్దరివీ ఏ పాస్‌పోర్టులు?

తీరంబాటసారి · నవంబర్ 10, మధ్యాహ్నం 12:35

నాది బ్రిటిష్. తనది ఇండియన్, బ్రిటన్‌లో శాశ్వత నివాసం ఉంది.

గడపదాటి · నవంబర్ 10, మధ్యాహ్నం 1:05

అయితే ఆవిడకు షెంగెన్ వీసా కావాలి, ఇప్పుడే అపాయింట్‌మెంట్ చూడండి. దిగేది స్పెయిన్‌లో అయినా, ఎక్కువ రాత్రులు పోర్చుగల్‌లో అయితే దరఖాస్తు పోర్చుగల్‌కు పెట్టాలి. వీసా మీద ఎన్ని రోజులని రాశారో లెక్కపెట్టుకోండి, తేదీల మధ్య కాలం వేరు, ఉండనిచ్చే రోజులు వేరు. మొరాకో చూసి వద్దామనే ఆలోచన వస్తే మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, లేకపోతే ఆవిడ తిరిగి స్పెయిన్‌లోకి రాలేరు. మీకేమో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించకూడదనే నిబంధన. 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది, పాస్‌పోర్టు ముద్రల్లో పొరపాటు జరిగిందని చెప్పుకునే వీలు ఇక ఉండదు. మాంసం, పాల పదార్థాలు బండిలో తీసుకెళ్లకండి, బ్రిటన్ నుంచి ఈయూలోకి అనుమతి లేదు.

నీలికెరటం · నవంబర్ 10, రాత్రి 7:50

చట్టం సరే, నేను ఇంకోటి కూడా చెప్పాలి. నిషేధాలు ఊరికే రాలేదు. కొండ అంచున పొదల వెనక కాగితాలు, ఇసుక మీదికి వదిలిన సబ్బునీళ్లు, క్యాసెట్ ఒంపిన గుర్తులు చూశాను. మేం ఆరేళ్ల కింద నిద్రపోయిన చోట్లలో సగానికి ఇప్పుడు ఎత్తైన బండ్లు లోపలికి రాకుండా అడ్డు కమ్మీలు వచ్చేశాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాడిన నీళ్ల ట్యాంకు కుళాయికి మూత బిగించండి, సముద్రం పక్కన చుక్క కూడా పడకూడదు.

రెండో క్యాసెట్ కొనండి. మీ డబ్బులో మొదటి ఖర్చు అదే కావాలి. ఇద్దరికి 17 లీటర్లు మూడు రోజులు, ఇంకోటి ఉంటే ఆరు. నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్లలో సరిపెట్టుకోవచ్చు: స్నానపు షవర్‌కు చేతిదగ్గర ఆపే మీట, గిన్నెలు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగడం. పది లీటర్ల డబ్బాలు రెండు ఉంటే బండి కదపకుండానే నీళ్లు తెచ్చుకోవచ్చు.

తుప్పుతోపోరు · నవంబర్ 11, ఉదయం 8:15

ఉప్పుగాలికి సిద్ధం కావడం బయల్దేరే ముందే జరగాలి. అడుగుభాగం బాగా కడిగి, పూర్తిగా ఆరాక, మైనం రకం పూత వేయించండి. తడి మీద, మురికి మీద వేస్తే ఉప్పును లోపలే మూసిపెట్టినట్టవుతుంది, వేయకపోవడమే నయం. లైట్ల కనెక్టర్లలో తడి చేరనీయని డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టండి. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ పట్టీ విప్పి మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించండి. తాళాల్లో నూనె వేయొద్దు, ఇసుక అంటుకుంటుంది. గ్రాఫైట్ పొడి కానీ, పొడిగా ఆరే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) స్ప్రే కానీ వాడండి.

ఉప్పు పొగమంచులో మూడు నాలుగు రోజులు కదలకుండా ఉంటే హ్యాండ్‌బ్రేక్ పట్టుకుపోతుంది. నేల చదునుగా ఉంటే గేర్‌లో వేసి, చక్రాలకు చెక్కలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలేస్తాను. తీరం వదిలిన ప్రతిసారీ మొదటి కార్‌వాష్‌లో కింద మంచినీళ్లతో కడుగుతాను. ఫ్రిజ్ గాలి కన్నాల వైపు, కిటికీ రబ్బర్ల వైపు ఆ ధార తగలనీయొద్దు. సోలార్ ప్యానెల్ మీద ఉప్పు పొర వారానికోసారి తుడవండి.

తీగలమాస్టారు · నవంబర్ 11, రాత్రి 9:00

గ్యాస్ లీకు అలారం నేలకు దగ్గరగా ఉండాలి, ఎల్‌పీజీ గాలికన్నా బరువు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకున్నప్పుడు ఊపిరి తీసే ఎత్తులో ఉండాలి. రెండూ వేర్వేరు పరికరాలు. తేదీ దాటిపోయినవి మార్చండి.

గాలి ఎక్కువైతే బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి, పక్కకు తగిలితే రాత్రంతా ఊగుతుంది. అల్గార్వెలో, అంటే పోర్చుగల్ దక్షిణ తీరంలో, కొండ అంచుకు దగ్గరగా వద్దు. అల్బుఫేరా దగ్గర 2009 ఆగస్టులో మరియా లూయిజా బీచ్‌లో కొండచరియ విరిగిపడి ఐదుగురు చనిపోయారు. ఆ రాళ్లు మెత్తవి, పైనుంచి చూస్తే గట్టిగానే కనబడతాయి.

తీరంబాటసారి · నవంబర్ 17, రాత్రి 8:10

రెండు రాత్రుల పరీక్ష అయింది. లెడ్ బ్యాటరీ రెండోరోజు పొద్దున్నకే సగానికి వచ్చింది, మాస్టారి లెక్కకు రెండు ఆంప్-అవర్ తేడా. రెండో సాయంత్రానికి నీళ్లు 30 లీటర్లే మిగిలాయి. కారణం షవర్, ఒక్కొక్కరికీ 15 లీటర్లు. ఆపే మీట కొన్నాను. కాటా మీద మొత్తం 3,390, వెనక ఇరుసు పరిమితికి 40 కిలోలే తక్కువ. సైకిళ్లు ఇంట్లోనే వదిలేస్తున్నాం. రెండో క్యాసెట్, 200 లిథియం, డీసీ-డీసీ ఛార్జర్, 120 వాట్ల మడత ప్యానెల్. అనుకున్నదాంట్లో సగం ఖర్చుతోనే అయిపోతోంది.

తీరంబాటసారి · ఫిబ్రవరి 12, సాయంత్రం 5:40

అల్గార్వె నుంచి రాస్తున్నాను. బుర్గోస్ దగ్గర మైనస్ 4. హీటర్ సన్నగా నడిపాం, వాల్వు తెరుచుకోలేదు. రాత్రులన్నీ కేటాయించిన చోట్లలోనే, పగళ్లు సముద్రం దగ్గర. ఒక్కచోట ఐదు రాత్రులు వరసగా ఉన్నాం, మబ్బు పట్టిన రోజులు రెండు వచ్చినా బ్యాటరీ 45 శాతం కన్నా కిందికి పోలేదు. ఐదో రోజు కదిలింది నీళ్ల కోసం.

రామయ్య గారూ, నిన్న ఒక జర్మన్ జంట బండి ఇసుకలో దిగబడితే మీరు చెప్పినట్టే పారతో తవ్వి, పలకలు పెట్టి, గాలి తగ్గించి గంటలో బయటికి తీశాం. వాళ్ల కంప్రెసర్ 3 బార్ దగ్గర ఆగిపోయింది. మాది ఇచ్చాం.

పారతోరామయ్య · ఫిబ్రవరి 12, రాత్రి 10:15

చాలా సంతోషం బాబూ. తవ్విన గుంత పూడ్చి వచ్చారు కదా?

తీరంబాటసారి · ఫిబ్రవరి 13, ఉదయం 7:30

పూడ్చి, కాలితో తొక్కి చదును చేసే వచ్చామండీ.